ఖాళీ పెట్టెల వరస

ఈమధ్య ఫోన్లో ఏ పని చేసుకున్నా చివర్లో ఐదు చుక్కలు చూపించి, ఎలా ఉందో చెప్పమంటోంది. గ్యాస్ బుక్ చేసినా చుక్కలే, మందులు తెప్పించుకున్నా చుక్కలే. నేను ఒక్కటీ నొక్కను. మా ఇల్లాలు మాత్రం అన్నిటికీ ఐదూ నొక్కేస్తుంది. "ఎవరో పాపం కష్టపడి చేసుంటారు కదండీ" అంటుంది. ఆవిడది గోదావరి ఒడ్డు పుట్టిల్లు. అంతకంటే తక్కువ నొక్కడం ఆవిడకు చేతకాదు.

అలాంటి ఐదు చుక్కలను నమ్మి నేనొకసారి ఒక మనిషిని మళ్లీ పొగపొయ్యి ముందుకు పంపాను. నా దగ్గర చదువుకుని ఇవాళ స్క్రీన్లు తయారుచేసి బతుకుతున్న వాళ్లూ, వాళ్ల తర్వాత వచ్చినవాళ్లూ చదువుతారని రాస్తున్నాను. రిటైరయ్యాక చెప్పుకునేవన్నీ గొప్పలే అయితే వినేవాళ్లకు విసుగు. ఇది గొప్ప కాదు.

నేను అసలు లెక్కల మాస్టారిని. కంప్యూటర్లు వచ్చి లెక్కల మాస్టార్లను మింగేస్తున్న రోజుల్లో ఒక డిప్లొమా చేసి, రాజమండ్రి శివార్లలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ కంప్యూటర్ విభాగంలో చేరాను. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో యూనివర్సిటీ వాళ్లు సిలబస్ మార్చి, ఆఖరి ఏడాదికి హ్యూమన్ కంప్యూటర్ ఇంటరాక్షన్ అనే కొత్త పేపరు పెట్టారు. పేపర్లు పంచుకునే మీటింగుకు ఆలస్యంగా వెళ్లినవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకని అది నాకు మిగిలింది.

మా హెడ్డుగారికి ఆ పేపరంటే చులకన. "బటన్లకి రంగులెయ్యడం కూడా సబ్జెక్టేనాండి మాస్టారూ? ఈ ఏడాది చూద్దాం. ప్రాజెక్టులు సరిగ్గా రాకపోతే తీసేసి ఇంకోటి పెట్టుకుందాం. మిమ్మల్ని ఫస్టియర్ లెక్కలకి పంపేస్తాను, అక్కడ మనుషుల్లేక చస్తున్నాం" అన్నారు. యాభై దాటాక మూడు సెక్షన్లకు మళ్లీ ఇంటిగ్రేషన్ చెప్పే ఓపిక నాకు లేదు. ఆ ఓపిక లేకపోవడం వల్లే ఇదంతా జరిగింది.

లైబ్రరీలో ఆ సబ్జెక్టుకు ఉన్నది ఒకే పుస్తకం. దాన్ని జిరాక్సు తీయించుకుని రోజూ నోట్సు చెప్పేవాణ్ణి. వాడే మనిషే కేంద్రం, అతని కళ్లతో చూడాలి, అతని పని పక్కన కూర్చుని గమనించాలి అని డిక్టేట్ చేస్తుంటే అరవైమంది తలలు వంచుకుని రాసుకునేవారు. నా గొంతు వెనక బెంచీలకు వినబడుతోందో లేదో ఏడాది పొడుగునా ఒక్కసారి కూడా అడగలేదు.

ప్రాజెక్టుల దగ్గరకు వచ్చేసరికి నలుగురి జట్టు ఒకటి నా వాటాకు వచ్చింది. ముగ్గురు అబ్బాయిలు, ఒక అమ్మాయి. ఆ అమ్మాయిది సముద్రం ఒడ్డు ఊరు, చేపలు పట్టే కుటుంబం. క్లాసులో మాట్లాడేది కాదు గానీ చూపు మాత్రం చురుకు. వీళ్లకు నిజమైన మనుషులు వాడే ప్రోగ్రాం ఒకటి కావాలి. ఆత్రేయపురం పక్కన కాలవగట్టు మీద ఒక ఊళ్లో ఆడవాళ్లు సంఘంగా కలిసి పూతరేకులు చేసి అమ్ముతున్నారనీ, వాళ్లకు ఎవరో పాత కంప్యూటర్ ఒకటి ఇచ్చారనీ, అది దుప్పటి కప్పుకుని కూర్చుందనీ తెలిసింది. ఆర్డర్లు రాసుకునే ప్రోగ్రాం చేసిపెడతామన్నాం. బ్యారేజీ దాటి, బొబ్బర్లంక మీదుగా బస్సులో వెళ్లాం.

పూతరేకులు తిన్నవాళ్లకు కూడా అవి చేసే చోటు తెలియకపోవచ్చు. పెరట్లో పాక కింద పొయ్యిల మీద కుండలు బోర్లించి ఉంటాయి. కింద కొబ్బరాకుల మంట. పల్చటి బియ్యప్పిండి నీళ్లలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్క లాగు లాగితే కాగితం లాంటి రేకు లేస్తుంది. అక్కడ కూర్చునే మనిషికి పొగా సెగా తప్పవు. లోపల పెద్ద గదిలో ఎనిమిదిమంది నేల మీద కూర్చుని, ఆ రేకులకు నెయ్యి రాసి, పంచదార పొడి చల్లి మడతపెడతారు. ఆ గదిలో ఎంత ఎండాకాలమైనా ఫ్యాను వెయ్యరు. గాలి తగిలితే రేకు ఎగిరిపోతుంది.

ఆ గదిలో ఆర్డర్లు చూసే ఆమె ఒకరున్నారు. నలభై ఐదేళ్లుంటాయి, ఏడో తరగతి చదువు. అంతకుముందు పదిహేనేళ్లు ఆమె కుండ దగ్గరే కూర్చున్నారట. పొగకు కళ్లు దెబ్బతిని, ఇక పొయ్యి ముందు కూర్చుంటే చూపు దక్కదని డాక్టరు చెబితే, సంఘం ప్రెసిడెంటుగారు ఆర్డర్లు చూసే పని ఇచ్చారు. ప్రెసిడెంటుగారు ఆ ఊళ్లో పెద్ద రైతు భార్య. మాట కరుకే గానీ సంఘాన్ని ఆవిడే నిలబెట్టారు. మొదటి రోజే మాకు వినబడేలా ఆమెతో అన్నారు: "కంప్యూటర్ నేర్చుకుంటావా సరే. లేకపోతే డిగ్రీ చదివిన మా మేనకోడలు ఖాళీగా ఉంది, దాన్ని కూర్చోబెడతాను. నువ్వు మళ్లీ కుండ దగ్గరికి పోదువుగాని."

ఆమె నవ్వి, "నేర్చుకుంటానండి" అన్నారు.

ఆమె ఆర్డర్లు చూసే పద్ధతి చూడాలి మీరు. గోడకు నాలుగు చెక్క అరలు. ఫోన్లో ఆర్డరు రాగానే ఒక ఖాళీ అట్టపెట్టె తీసి, చీటీ అంటించి అరలో పెడతారు. పై అర ఇవాళ్టిది, దాని కింద రేపటిది, ఆ కింద ఈ వారం, అడుగున ఆ తర్వాతవి. పొద్దున్నే వచ్చి పెట్టెల్ని పైకి జరుపుకుంటారు. బెల్లం రేకులు కావాలంటే పెట్టెను బోర్లిస్తారు. పెళ్లికూతురి సారెకైతే పెట్టెకు పసుపుదారం కడతారు, సారె మాత్రం గంట కూడా ఆలస్యం కాకూడదు కాబట్టి. చీటీ మీద అక్షరాలు ఆమె కళ్లకు ఆనేవి కాదు. అయినా ఆ అవసరం ఆమెకు పెద్దగా రాలేదు. నేల మీద కూర్చున్న ఎనిమిదిమందీ మడతపెడుతూ పెడుతూ తలెత్తి పైఅర చూసుకునేవారు. "ఇంకా అయిదున్నాయే, చేతులాడించండి" అని ఒకరినొకరు తరుముకునేవారు.

ఇదంతా చూశాను. చూసి ముచ్చటపడ్డాను కూడా. అబ్బాయిలతో, "ఇది మాన్యువల్ సిస్టం, నోట్ చేసుకోండి" అన్నాను.

రెండు నెలల్లో ప్రోగ్రాం తయారైంది. స్క్రీనుకు పది ఆర్డర్లు. కొత్తగా ఎక్కించినది అన్నిటికంటే పైన, పాతవి కింద, ఇంకా పాతవి తర్వాతి పేజీల్లో. ఆ రోజుల్లో స్క్రీను మీద తెలుగు అక్షరాలు చిక్కుపడ్డట్టు ఉండేవి, వత్తులు చీమల్లా కనబడేవి. కంప్యూటర్‌కు ఫ్యాను కావాలి, రేకుకు ఫ్యాను పనికిరాదు. కాబట్టి కంప్యూటర్‌ను ముందు గదిలో పెట్టించాం. ఆమె కుర్చీ, ఫోను కూడా అక్కడికే జరిగాయి. రెండు గదుల మధ్య తలుపు తీసే ఉండేది. పెద్ద గదిలో గోడ మీది అరలు అలాగే ఉన్నాయి. కొత్త పద్ధతి వచ్చాక పాతది కళ్లెదుట ఉంటే మనసు దానిమీదకే పోతుందని నా పాండిత్యం. "ఇంకా ఈ అట్టపెట్టెలెందుకమ్మా, తీయించేద్దాం" అన్నాను. నేనే అన్నాను. అబ్బాయిలు స్క్రూలు విప్పారు.

"అలాగేనండి" అన్నారామె.

వారం తర్వాత ప్రశ్నల కాగితాలు పట్టుకుని వెళ్లాం. ప్రోగ్రాం సులువుగా ఉందా? అక్షరాలు కనబడుతున్నాయా? పని తగ్గిందా? మమ్మల్ని చూడగానే చాపలు పరిచారు, మజ్జిగ ఇచ్చారు, వద్దంటున్నా తలా రెండు రేకులు పెట్టారు. పది ప్రశ్నలకూ ఆమె జవాబు ఒకటే: "బాగుందండి." ఎనిమిదిమందిని అడిగాం. "చాలా బాగుందండి. పిల్లలు ఎంత కష్టపడ్డారో!" ఇంటికొచ్చిన మనిషి మొహం మీద ఫలానాది బాగోలేదని ఈ జిల్లాల్లో ఎవరంటారు? ఇక్కడే పుట్టి, ఇక్కడి మజ్జిగ తాగుతూ, ఆ 'బాగుందండి'లన్నిటినీ కాగితం మీద టిక్కులు పెట్టుకుని బయటికొచ్చాను. బస్సులో నా అంత హుషారుగా ఎవరూ లేరు.

మర్నాడు ఆ అమ్మాయి స్టాఫ్‌రూముకు ఒక పేజీ తెచ్చింది. మేం ప్రశ్నలడుగుతున్నంతసేపూ ఒక మూల కూర్చుని రాసుకుందట. అందులో ఇలా ఉంది: 'ఫోను మోగగానే ఆమె స్క్రీన్ వైపు తిరగడం లేదు. తలుపులోంచి పెద్ద గది గోడవైపు తిరుగుతున్నారు. అక్కడ ఏమీ లేదు. తర్వాత స్క్రీన్‌కి మొహం బాగా దగ్గరగా పెట్టి చూస్తున్నారు. లోపలున్నవాళ్లు మాటిమాటికీ లేచి వచ్చి ఇంకెన్ని ఉన్నాయని అడుగుతున్నారు.'

"అయితే ఏమంటావమ్మా?" అన్నాను.

"అరలు అందరికీ కనబడేవండి మాస్టారూ. స్క్రీను ఒక్క పిన్నిగారికే కనబడుతోంది. ఆవిడక్కూడా సరిగ్గా కనబడట్లేదండి."

"బాగుందని ఆవిడే చెప్పారు కదా."

"మనం అడిగాం కదండీ, అందుకని చెప్పారు."

నాకు కోపం వచ్చింది. నిజం చెప్పిన పిల్ల మీద వచ్చే కోపం అది, ఇప్పుడైతే గుర్తుపడతాను. వైవా పది రోజుల్లో ఉంది. మళ్లీ మొదలుపెట్టే వ్యవధి లేదు, ఓపిక అసలే లేదు. "వదిలెయ్యమ్మా, కొత్తలో అందరికీ ఉండేదే" అని ఆ పేజీ తీసుకుని సొరుగులో పడేశాను. రిపోర్టులో వాడుకరులందరూ పూర్తి సంతృప్తితో ఉన్నారని రాయించాను.

వైవా రోజు ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ గారు ప్రోగ్రాంను దాని చోటనే చూస్తానన్నారు. పూతరేకుల ఊరు కాకపోయి ఉంటే ఆయన అంత దూరం వచ్చేవారు కాదని అందరికీ తెలుసు. మా హెడ్డుగారు కూడా కారెక్కారు. వెళ్లేసరికి తొమ్మిది దాటింది. ముందు గదిలో ఆయనకు కుర్చీ వేసి, ప్లేటులో రేకులు పెట్టి, పెద్ద అబ్బాయి చేత ప్రోగ్రాం గురించి చెప్పిస్తున్నాను. ఆమె ఉతికిన చీర కట్టుకుని కంప్యూటర్ పక్కన నిలబడ్డారు.

అప్పుడు వాకిట్లో వ్యాను ఆగింది. పంచె మీద తువ్వాలు వేసుకున్న పెద్దమనిషి ఒకాయన దిగి, "సారె పెట్టెలు ఎక్కించేద్దామా అమ్మా? పదకొండింటికల్లా అమ్మాయిని పంపించెయ్యాలి, తర్వాత దుర్ముహూర్తమట" అన్నారు.

ఆమె తల పెద్ద గది గోడవైపు తిరిగింది. "ఎవరి సారె అండి?" అన్నారు.

"అదేంటమ్మా, మా తమ్ముడి కూతురిది! పదిహేను రోజుల కిందటే ఫోన్ చేసి చెప్పాను కదా, రెండు వందల రేకులని. మీరే రాసుకున్నారు."

రాసుకున్నారు. కంప్యూటర్లో ఉంది. అబ్బాయి కీబోర్డు అందుకుని రెండుసార్లు నొక్కితే మూడో పేజీలో అట్టడుగున, పేరూ తేదీ సంఖ్యా అన్నీ తప్పుల్లేకుండా కనబడ్డాయి. పదిహేను రోజుల కిందట ఎక్కించింది కాబట్టి అన్నిటికంటే అడుగుకు పోయింది. ఆమె లెక్కలో ఎప్పుడు చెప్పారన్నది కాదు, ఎప్పుడు కావాలన్నదే ముఖ్యం. అరలే ఉంటే ఆ పెట్టె పసుపుదారంతో నాలుగు రోజుల నుంచీ పైకి జరుగుతూ వచ్చేది. ఆమె మర్చిపోయినా లోపలున్న ఎనిమిదిమందిలో ఎవరో ఒకరు కేక వేసేవారు.

ప్రెసిడెంటుగారు లోపలి నుంచి వచ్చి విషయం విని, అంతమంది ముందే కేకలేశారు. "పుస్తకంలో రాసుకున్న రోజుల్లో పోలేదు, పెట్టెలున్నప్పుడు పోలేదు. కంప్యూటర్ ఇచ్చాక సారె పోగొట్టావా? ఆడపిల్ల వట్టి చేతులతో అత్తారింటికి వెళ్తే ఎవరి మొహం మీద ఉమ్మేస్తారు?"

ఎక్స్‌టర్నల్ గారు చేతిలో రేకు ప్లేటులో పెట్టేశారు. మంచి మనిషే. ఆమె వైపు తిరిగి నెమ్మదిగా అడిగారు. "ఏమ్మా, ఈ ప్రోగ్రాం నీకు కష్టంగా ఉందా? ఉన్నదున్నట్టు చెప్పు, ఫర్వాలేదు."

ఒక్క మాట చాలు. అక్షరాలు ఆనట్లేదండి అన్నా చాలు. ఆమె నా వైపు చూశారు. తర్వాత వరసగా నిలబడ్డ నలుగురు పిల్లల వైపు చూశారు. వాళ్ల మార్కులు ఆయన రాయబోయే కాగితం మీద ఉన్నాయని ఆమెకు తెలుసు.

"బాగుందండి" అన్నారు. "పిల్లలు బాగా చేశారండి. నేనే చూసుకోలేదు, తప్పు నాదేనండి."

ఆ అమ్మాయి నోరు తెరిచింది. నేను ఆ అమ్మాయి వైపు గుడ్లురిమి చూశాను. నోరు మూసుకుంది. నా ఉద్యోగంలో చాలామంది పిల్లల నోళ్లు మూయించాను గానీ ఆ ఒక్కసారికే ఇప్పటికీ సిగ్గుపడతాను.

సారె పోలేదు. ఆ ఊళ్లో ప్రతి ఇంట్లోనూ రేకులు ఉంటాయి. ఆమె చెప్పులు కూడా వేసుకోకుండా వీధి వెంబడి ఇంటింటికీ పరుగెత్తి, పదీ ఇరవై చొప్పున అడిగి తెచ్చారు. ఎనిమిదిమందీ చేతిలో పనులు పక్కన పడేసి ఉన్న రేకులు మడతపెట్టారు. పదకొండుకు పది నిమిషాల ముందు వ్యాను కదిలింది. ఎక్స్‌టర్నల్ గారు కాగితం మీద 'వాడుకరి పొరపాటు' అని రాసి, ప్రాజెక్టుకు మంచి మార్కులు వేశారు. మా హెడ్డుగారు కార్లో నా భుజం తట్టి, "వచ్చే ఏడాది కూడా మీదేనండి మాస్టారూ ఈ పేపరు" అన్నారు.

ఆ మర్నాటి నుంచి ఆమెను కుండ దగ్గరకు పంపేశారు.

పరీక్షలయ్యాక ఆ అమ్మాయి నా దగ్గరకు వచ్చి, తన పేజీ తిరిగి ఇవ్వమంది. సొరుగులోంచి తీసి ఇచ్చాను. ఏదో ఒకటి అనకపోతే బాగుండదని, "రిపోర్టులో చోటు చాల్లేదమ్మా" అన్నాను. "ఫర్వాలేదండి" అంది. నాకు తెలిసిన మర్యాదే అది, ఎంత చల్లగా ఉంటుందో అప్పుడే తెలిసింది. ఆ ఆదివారం తనొక్కతే బస్సెక్కి వెళ్లి, వడ్రంగిని పిలిచి ఆ నాలుగు అరలూ మళ్లీ బిగించిందని తర్వాత విన్నాను.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఆ పేపరు నేనే చెప్పాను. నోట్సు చెప్పడం మానేశాను. ప్రశ్నల కాగితాలు పట్టుకెళ్లనివ్వలేదు. వెళ్లండి, మజ్జిగిస్తే తాగండి, ఎలా ఉందని మాత్రం అడగొద్దు, ఒక మూల కూర్చుని మనిషి మెడ ఎటు తిరుగుతోందో చూడండి అని చెప్పేవాణ్ణి. ఆ మాట ఎక్కడ నేర్చుకున్నానో మాత్రం ఏ బ్యాచికీ చెప్పలేదు. నా సొంత తెలివే అనుకున్నారు వాళ్లు. అనుకోనిచ్చాను.

వైవా అయిన రెండు నెలలకు నేను మళ్లీ ఆ ఊరు వెళ్లాను. అన్నాళ్లు ఎందుకు ఆగానంటే చెప్పడానికి నా దగ్గర కారణం లేదు, మొహం చెల్లలేదంతే. పెద్ద గదిలో అరలు నిండుగా ఉన్నాయి. పైఅరలో రెండు పెట్టెలకు పసుపుదారాలు. కంప్యూటర్ మీద దుప్పటి. ఫోను పక్కన ప్రెసిడెంటుగారి మేనకోడలు కూర్చుని ఉంది.

ప్రెసిడెంటుగారితో జరిగిందంతా చెప్పాను. తప్పు స్క్రీనుదనీ, అరలు తీయించింది నేననీ, ఆమెది ఇసుమంత కూడా కాదనీ చెప్పాను. ఆవిడ ఓపిగ్గా విన్నారు.

"అయ్యో, దానికేముంది మాస్టారూ. ఇప్పుడు బాగానే జరిగిపోతోంది కదా. పిల్ల కూడా అలవాటుపడిపోయింది. మళ్లీ కదపడం ఎందుకండి?" అన్నారు. కాఫీ తెప్పించారు. కాఫీ తాగాను.

పెరట్లోకి వెళ్లాను. పాక కింద మూడో కుండ దగ్గర ఆమె ఉన్నారు. మంట ఎగదోసి, గుడ్డ లాగి, రేకు తీసి పక్కన పెడుతున్నారు. మధ్యమధ్య కొంగుతో కళ్లొత్తుకుంటున్నారు. చూపు ఎంత మిగిలిందో గానీ చెయ్యి మాత్రం ఒక్కసారి కూడా తప్పడం లేదు. పలకరిస్తే నన్ను గొంతు బట్టి గుర్తుపట్టి లేవబోయారు, నేను వద్దన్నాను.

"ఆ రోజు ఎందుకమ్మా అలా చెప్పావు? అక్షరాలు కనబడట్లేదని ఒక్క మాట అంటే అయిపోయేది కదా" అన్నాను. తప్పు చేసిన నేనే ఆమెను అడుగుతున్నాను, చూడండి.

"మీరు అంత దూరం నుంచి బస్సెక్కి వచ్చేవారు కదండీ. పిల్లలు నిద్రలు మానుకుని చేశామన్నారు. బాగోలేదని ఏ నోటితో చెప్తామండి మాస్టారూ?"

ఆమె కుండ మీంచి అప్పుడే లేచిన రేకును రెండు వేళ్లతో అందుకుని నా చేతిలో పెట్టారు. "నిలబడే ఉన్నారు. ఇదన్నా నోట్లో వేసుకోండి" అన్నారు.

వేడిగా ఉంది. నోట్లో వేసుకున్నాను. పొగ వాసన వేసింది. ఇంకే రుచీ తెలియలేదు. ఆమె ఎర్రబడ్డ కళ్లతో నా మొహం వైపు చూస్తూ, "ఎలా ఉందండి?" అన్నారు.

"బాగుందమ్మా" అన్నాను. "చాలా బాగుంది."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు.

"ఉత్త రేకండి మాస్టారూ," అన్నారు. "ఇంకా పంచదార వెయ్యలేదు."